కారు కొన్నాం... వరదతో సహా!

2025 మే నెల. పొద్దున్న ఏడున్నర. రావులపాలెం దాటి గౌతమి వంతెన ఎక్కిన కారు సగం దూరం వెళ్ళాక ఓసారి దగ్గింది. డ్యాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. ఆ వెంటనే ఒక్కసారిగా ఆరిపోయాయి. వెనక లారీ హారను. కింద ఇసుక మేటల మధ్య సన్నగా గౌతమి. కారులో ముగ్గురు. కొత్తపేట వైపు నుంచి వస్తున్న హైస్కూలు మాస్టారు, ఆయన భార్య, హాల్‌టికెట్టు గుండెకి హత్తుకుని కూర్చున్న కూతురు. రాజమండ్రిలో తొమ్మిదింటికి ఈఏపీసెట్. ఒక్క నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు.

మాస్టారు తాళం తిప్పారు. టిక్కుమంది. మళ్ళీ తిప్పారు. ఈసారి ఆ టిక్కు కూడా లేదు.

'బస్సులో వెళదామన్నాను కదండీ' అని ఆవిడ అనలేదు. అనకపోవడమే మాస్టారికి ఎక్కువ కష్టంగా తోచింది.

పావుగంట చేతులూపాక, రావులపాలెం మార్కెట్ నుంచి అరటిగెలల లోడుతో వస్తున్న వ్యాను ఒకటి ఆగింది. "పరీక్ష కెళ్ళే పిల్లాండి? ఎక్కించేయండి, ఆయ్" అన్నాడు డ్రైవరు. తల్లీకూతుళ్ళు ముందు సీట్లో ఇరుక్కున్నారు. ఎనిమిది యాభైనాలుగుకి గేటు దగ్గర దిగారు. మాస్టారు మాత్రం వంతెన మీదే, కారుకి కాపలా.

ఈ మాస్టారు కథ కోసం వచ్చిన మనిషి. ఊరు మారిస్తే తణుకులోనూ నడుస్తుంది, పిఠాపురంలోనూ నడుస్తుంది. కారుకొచ్చిన రోగం మాత్రం కల్పన కాదు. దాని పుట్టుక తెలియాలంటే అక్కణ్ణుంచి ఎనిమిది నెలలు వెనక్కి, నూట ముప్ఫై కిలోమీటర్లు పడమరకి వెళ్ళాలి.

2024 ఆగస్టు 31న కుండపోత. మర్నాటికి బుడమేరు గట్లు తెగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతమంతా నీళ్ళలో ఉంది. మరోపక్క కృష్ణ పోటెత్తింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు కిందికి వదలాల్సి వచ్చింది. సింగ్‌నగర్ జనం డాబాల మీద పాలప్యాకెట్ల కోసం ఎదురుచూస్తుంటే, కింద వీధుల్లో, సెల్లార్లలో వాళ్ళ కార్లు రోజుల తరబడి నానాయి.

గోదావరి జిల్లాల వాళ్ళకి వరద కొత్త కాదు. కానీ గోదావరి చెప్పి వస్తుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం ఎంతుందో టీవీలో చూస్తే, ధవళేశ్వరానికి ఎప్పటికి చేరుతుందో లంక గ్రామాల్లో ముసలమ్మ కూడా చెప్పేస్తుంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటి, ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కుల పైన పోయినప్పుడు కూడా ముందే కబురుంది. పశువుల్ని, బండిని ఏటిగట్టు ఎక్కించుకోవడానికి ఓ పూట దొరుకుతుంది. బుడమేరు ఆ పూట కూడా ఇవ్వలేదు. అందుకే అన్ని కార్లు మునిగాయి.

మునిగిన కారు ఏమవుతుంది? బీమా ఉంటే సర్వేయరు వస్తాడు. బాగుచేయించే ఖర్చు ఆ బండి బీమా విలువలో, అంటే ఐడీవీలో, 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టం కింద లెక్క కడతారు. ఓనరుకి డబ్బు అందుతుంది. బండి వేలానికి పోతుంది. కొన్నవాడు దాన్ని విప్పి పార్టులుగా అమ్ముకుంటే గొడవే లేదు. అలా కాకుండా కడిగి, ఆరబెట్టి, కొత్త సీటు కవర్లు తొడిగి, లోపల మల్లెపూల సెంటు కొట్టి, మళ్ళీ కారుగానే అమ్మితే? అదిగో, మాస్టారి కథ అక్కడ మొదలవుతుంది.

చెన్నైలో 2015 డిసెంబరు వరదల తర్వాతా ఇదే తంతు. మునిగిన బండి మునిగిన ఊళ్ళో అమ్ముడుపోదు. అక్కడ అందరికీ అనుమానమే. నాలుగు జిల్లాలు దాటిస్తే అదే బండి 'సిటీ బండండి, సింగిల్ హ్యాండు' అవుతుంది.

సంక్రాంతి ముందు అసలు ఎవరి బుద్ధీ పనిచేయదు. పండక్కి బావగారు కారులో దిగుతారు, తోడల్లుడు కారులో దిగుతాడు, మనం మాత్రం రావులపాలెం సెంటర్లో బస్సు దిగి ఆటో కోసం చూడాలి. మాస్టారికి పైగా అవసరమూ ఉంది. తండ్రికి మోకాళ్ళు, నెలకోసారి కాకినాడ ఆసుపత్రి. కూతురికి పరీక్షలు. తెలిసిన బ్రోకరు ఫోన్ చేశాడు. ఐదేళ్ళ చిన్నకారు, ముప్ఫై రెండు వేల కిలోమీటర్లే తిరిగిందట. బయట నాలుగున్నర లక్షలు పలికేది మూడు లక్షల తొంభై వేలకే వస్తుందట. రెండు లక్షలు చేతిలో ఉన్నాయి. మిగతాదానికి ఆవిడ గాజులు బ్యాంకుకెళ్ళాయి.

మాస్టారు చూడాల్సినవన్నీ చూశారు. రంగు చూశారు. ఏసీ చూశారు. టేపురికార్డరు, అంటే ఇప్పటి టచ్‌స్క్రీను, చూశారు. ఆత్రేయపురం దాకా నడిపి, వస్తూ వస్తూ పూతరేకులు కూడా కొనుక్కొచ్చారు. ఆర్సీలో విజయవాడ అడ్రసు చూసి సంతోషించారు కూడా. పల్లెటూరి గతుకుల్లో తిరగని బండి అని! 2024 అక్టోబరులో ఒకసారి చేతులు మారినట్టు అందులోనే ఉంది. ఆ నెల దగ్గర ఆయన కన్ను ఆగలేదు.

వెనకటి రోజులైతే నంబరు పలకే సగం జాతకం చెప్పేది. ఏపీ 5 అంటే తూర్పు గోదావరి, 37 అంటే పశ్చిమ, 16 అంటే కృష్ణా. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకే వరస మొదలయ్యాక ఆ సదుపాయం పోయింది. ఇప్పుడు శ్రీకాకుళం బండీ, చిత్తూరు బండీ ఒకేలా ఉంటాయి. పలక చూసి ఊరు చెప్పే కాలం కాదు, కాగితం చదవాల్సిందే.

కారు ఫిబ్రవరి దాకా బంగారంలా నడిచింది. ఓ రోజు వెనక అద్దం తనంతట తనే దిగింది. పిల్ల నవ్వింది. మార్చిలో రాత్రి రెండింటప్పుడు వాకిట్లో హారను మోగడం మొదలెట్టి ఆగలేదు. వీధంతా లేచింది. ఆ తర్వాత ఏసీ వేస్తే బురదవాసన. ఊళ్ళో మెకానిక్కు బానెట్ ఎత్తి చూసి, "ఎలుకలండి బాబూ" అన్నాడు.

ఆ మాట కొట్టిపారేయడానికి లేదు. దాళ్వా కోతలయ్యాక పొలంలోని ఎలుకలకి ఊరే దిక్కు. రాత్రిపూట వెచ్చగా ఉండే ఇంజను పక్కన చేరి వైర్లు కొరికిపెట్టడం ఈ డెల్టాలో ఏటా ఉన్నదే. పొగాకు కాడలు కట్టేవాళ్ళున్నారు, నాఫ్తలీన్ ఉండలు పెట్టేవాళ్ళున్నారు. మాస్టారూ పెట్టారు. నాలుగు వైర్లు మార్పించారు. పద్దెనిమిది వందలు. ఆవిడ పాల లెక్క రాసుకునే క్యాలెండరు మీదే కారు లెక్క కూడా రాయడం మొదలెట్టింది. మార్చి నెల గడుల్లో పాలకన్నా కారే ఎక్కువైంది. బ్లోయరు మోటారు 4,200. సెల్ఫు మోటారు 5,500. వెనక చక్రం బేరింగు 2,800. ఏ ఒక్కటీ పెద్ద ఖర్చు కాదు. అదే వచ్చిన చిక్కు. పెద్ద ఖర్చయితే మనిషి ఆగి ఆలోచిస్తాడు.

వంతెన మీంచి కారుని రాజమండ్రి షెడ్డుకి లాక్కెళ్ళారు. అక్కడి మెకానిక్కు అరవై దాటినవాడు. బానెట్ ముట్టుకోలేదు. ముందు సీట్లో కూర్చుని సీటుబెల్టు పట్టుకుని లాగాడు. ఇంకా లాగాడు. మొత్తం చివరిదాకా లాగితే, మామూలుగా లోపల చుట్టుకుని ఉండే భాగం బయటికొచ్చింది. దాని మీద అడ్డంగా మట్టిచార. కింది భాగం ఒక రంగు, పైభాగం ఒక రంగు.

"మాస్టారూ, ఈ బండి ఇక్కడిదాకా మునిగిందండి" అన్నాడు, తన ఛాతీ దగ్గర చెయ్యి పెట్టి.

తర్వాత డ్రైవరు సీటు కింద కార్పెట్టు ఎత్తాడు. కార్పెట్టు కొత్తది. కింద ఎండి పొలుసులు కట్టిన నల్లబురద. సీటు జారే పట్టాలు తుప్పు. వెనక డిక్కీలో స్టెప్నీ తీస్తే, ఆ గుంటలో వేలెడు మందం ఒండ్రు. ఎలుకలు ఒండ్రు మోసుకురావు.

నీళ్ళలో మునిగినా ఆరబెడితే సరిపోదా అని చాలామంది అనుకుంటారు. అంబాసిడర్ రోజుల్లో అది కొంతవరకు నిజం. బ్యాటరీ, కాయిలు, కార్బురేటరు, గుప్పెడు వైర్లు. స్క్రూడ్రైవరూ, ఓపికా ఉంటే కాలవలో పడ్డ బండిని కూడా బతికించేవాళ్ళు. 2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ ఆగిపోవడంతో ఆ శకం ముగిసింది. ఇప్పటి చిన్నకారులో కూడా ఇంజనుకి ఓ కంప్యూటరు, బ్రేకులకి ఒకటి, ఎయిర్‌బ్యాగులకి ఒకటి. వాటిని కలుపుతూ పాదాల కింద, తలుపుల్లో, డ్యాష్‌బోర్డు వెనక వైర్ల జడలు. ప్రతి జడ చివరా పదులకొద్దీ రాగి, ఇత్తడి పిన్నులు. వరదనీరంటే వాననీరు కాదు. మురుగు, ఉప్పు, డీజిలు అన్నీ కలిసిన నీరు. అది పిన్నుల మధ్య కూర్చుని ఎండిపోతుంది. కారు మళ్ళీ స్టార్టవుతుంది, చక్కగా నడుస్తుంది కూడా. లోపల మాత్రం ఇత్తడి చెంబుకి పట్టినట్టు పచ్చటి చిలుము పట్టడం మొదలవుతుంది. అది పైకి తేలడానికి మూడు నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. ఈలోగా బండి చేతులు మారిపోతుంది. ఒకచోట చిలుము గీకితే ఇంకోచోట తేలుతుంది. అందుకే వెనక అద్దానికీ, అర్ధరాత్రి హారనుకీ, వంతెన మీద ఆగిపోవడానికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

వీటిలో భయపడాల్సింది ఎయిర్‌బ్యాగు సంగతి. ఆగిపోయిన కారు కనీసం ఆగానని చెబుతుంది. తడిసి చెడిన ఎయిర్‌బ్యాగు గుద్దుకున్న రోజుదాకా ఏమీ చెప్పకపోవచ్చు. హెచ్చరిక దీపం వెలగాలి. కానీ ఆ దీపాన్నే పీకేసి అమ్మే ఘనులున్నారు. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగు గుర్తు ఒక్క క్షణం వెలిగి ఆరాలి. అసలు వెలగనే వెలగకపోతే ఆ బండి దగ్గర్నుంచి లేచి వచ్చేయడమే.

ఇంజను సంగతి వేరు. నీళ్ళలో ఆగిన బండిని కంగారుగా స్టార్టు చేస్తే సిలిండర్లలోకి నీరు పోతుంది. గాలిలాగా నీరు నొక్కుకుపోదు కదా, పిస్టను గట్టిగా తన్నేసరికి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. వరదలో బండి చిక్కుకుంటే తాళం జోలికి పోవద్దని, తోసుకునో లాక్కునో వెళ్ళమని మెకానిక్కులు మొత్తుకునేది ఇందుకే. అలా చెడిన ఇంజనుకి మామూలు పాలసీ కింద బీమా కంపెనీలు సాధారణంగా డబ్బివ్వవు. 'ఇంజన్ ప్రొటెక్ట్' అని విడిగా ప్రీమియం కట్టి ఉండాలి. కాలవగట్ల పక్కన కాపురాలుండే జిల్లాల్లో ఎంతమంది ఆ నాలుగు డబ్బులు ఎక్కువ కడతారో పాలసీ తీసి చూసుకుంటే తెలుస్తుంది.

మాస్టారి చేతిలోనూ ఓ పాలసీ కాగితం ఉంది. అసలు సాక్ష్యం అందులోనే ఉందని ఆ రోజు షెడ్డులో తెలిసింది. ఏడాదిపాటు క్లెయిము లేకపోతే మరుసటి ఏడు 20 శాతం నో క్లెయిమ్ బోనసు ఇస్తారు. అది ఏటేటా పెరిగి ఐదేళ్ళకి 50 శాతం దాకా వెళుతుంది. ఒక్కసారి క్లెయిము చేస్తే సున్నా. ఆ బోనసు కొన్నవాళ్ళకి రాదు, అది అమ్మినవాడి సొత్తు. కాబట్టి మనకెందుకులే అని ఎవరూ ఆ గడి చూడరు. చూడాల్సింది మన కోసం కాదు, బండి కోసం. ఐదేళ్ళ బండి, ఒకే ఓనరు, గీత కూడా పడలేదంటాడు, పాత పాలసీలో బోనసు మాత్రం సున్నా. అదెలా? ఓనరు మారినందువల్ల కూడా సున్నా అవుతుంది నిజమే. అందుకే మొదటి ఓనరు పేరు మీదున్న చివరి పాలసీ అడగాలి. అది లేదంటే ఎందుకు లేదో అడగాలి.

ఇంకా కొన్ని పైసా ఖర్చు లేని పనులున్నాయి. బండిని మిట్టమధ్యాహ్నం ఎండలో గంటసేపు అద్దాలెత్తి ఉంచి, తలుపు తీయగానే వాసన చూడాలి. సెంటు దాచలేని ముక్కవాసన ఎండకి బయటపడుతుంది. హెడ్‌లైటు అద్దం లోపలి వైపు నీటి ఆవిరి, ఫ్యూజు పెట్టె మూత తీస్తే పచ్చటి లేదా తెల్లటి పొడి, పాత బండికి అనుమానంగా కొత్త కార్పెట్టు... ఇవన్నీ మాట్లాడతాయి. ఛాసిస్ నంబరు పట్టుకుని కంపెనీ సర్వీసు సెంటర్లో పాత సర్వీసుల చిట్టా అడిగితే కిలోమీటర్లు వెనక్కి తిప్పారో లేదో కూడా తేలుతుంది. అప్పు ఉందో, చలానాలున్నాయో ఎం పరివాహన్‌లో చూసుకోవచ్చు. అన్నిటికన్నా ముందు, అమ్మేవాడి మెకానిక్కుని కాకుండా మన మెకానిక్కుని తీసుకెళ్ళాలి. మూడు లక్షల తొంభై వేల బేరానికి ఐదొందలు ఇచ్చి ఓ పూట మనిషిని తీసుకెళ్ళడానికి వెనకాడతాం. చేపల మార్కెట్లో మొప్పలెత్తి చూడకుండా కొర్రమీను కొనని జనమే!

మాస్టారు బ్రోకరుకి ఫోన్ చేశారు. "అదేంటండి మాస్టారూ, మీరు చూసే కదండి తీసుకున్నారు" అన్నాడతను. కాగితం మీద 'ఉన్నది ఉన్నట్టుగా' అని రాసి సంతకం పెట్టించుకున్న సంగతి గుర్తుచేశాడు.

ఆ రెండు మాటలతో అంతా అయిపోయిందని చాలామంది ఊరుకుంటారు. అయిపోదు. తెలిసీ దాచిపెట్టి అమ్మడం మోసం కిందికే వస్తుంది, అటువంటి ఒప్పందాన్ని రద్దు చేయించుకునే వీలు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. అమ్మినవాడు వ్యాపారి అయితే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు. 2019 చట్టం ప్రకారం రెండేళ్ళ గడువుంది. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. 1915కి ఫోన్ చేసినా దారి చెబుతారు. మామూలు మనిషి తన సొంత బండి అమ్మితే మాత్రం వినియోగదారుల చట్టం వర్తించదు, సివిల్ కోర్టే గతి. పాత వాహనాలు కొని అమ్మే డీలర్లు రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి ఉంది. కొనేముందు ఆ పత్రం చూపించమంటే చాలు, కొందరు అక్కడే మాట మార్చేస్తారు. ఫోన్లో నడిచే బేరాలకి, టీకొట్టు ముందు నడిచే బేరాలకి ఆ పత్రమూ ఉండదు, అడిగే నాథుడూ ఉండడు. మాస్టారి బేరం టీకొట్టు ముందే నడిచింది. ఆయన ఫిర్యాదు రాసుకుంటున్నారు. సీటుబెల్టు ఫొటో, కార్పెట్టు కింద ఫొటో, మెకానిక్కు రాసిచ్చిన కాగితం, బ్రోకరు మెసేజీలు. నెగ్గుతారో లేదో చెప్పలేం.

ఈలోగా రాజమండ్రి మెకానిక్కు లెక్క చెప్పాడు. వైరింగు మొత్తం, రెండు కంప్యూటర్లు, ఎయిర్‌బ్యాగు సామాను, బేరింగులు కలిపితే లక్షన్నర పైన. అదీ ఇక రాదన్న హామీ లేకుండా. క్యాలెండరు మీద అంత చోటు లేదు.

వారం తర్వాత ఇంకో బ్రోకరు వచ్చాడు. చాలా మర్యాదస్తుడు. "బాధపడకండి మాస్టారూ. పదివేలు పెట్టి పైపైన శుభ్రం చేయిద్దాం. విశాఖ అవతలికి పంపితే మూడుంబావు ఖాయమండి. మీకు పోయేది అరవై అయిదు వేలే." గాజులు ఇంటికొచ్చేస్తాయి. కొనేది ఎవరో ముక్కూముఖం తెలియని మనిషి.

మాస్టారు ఆ రాత్రి నిద్రపోలేదని చెప్పాలి. ఆయన దేవుడేం కాదు. మూడుంబావు లక్షలంటే చిన్నమాట కాదు. తండ్రిని కాకినాడ ఎలా తీసుకెళ్ళాలన్నది మళ్ళీ మొదటికొచ్చింది. "మనకి అమ్మినవాడు కూడా ఇలాగే పడుకోకుండా ఉండుంటాడా నాన్నా?" అని కూతురు అడిగింది. ఆ పిల్ల వెటకారానికి అడిగిందో, నిజంగానే అడిగిందో ఆయనకి అర్థం కాలేదు. అవతలి బండి ఎక్కేది కూడా పరీక్షకెళ్ళే పిల్లే అయితే, అని ఆవిడ అంది. అంతకుమించి ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు.

పొద్దున్నే కారు వెనకద్దానికి ఓ కాగితం అంటించారు. మాస్టారి గుండ్రటి చేతిరాత. 'అమ్మబడును. 2024 వరదలో మునిగిన బండి. పార్టులకు మాత్రమే.' కింద ఫోన్ నంబరు.

మూడు రోజుల్లో అయిదుగురు ఫోన్ చేశారు. ఇద్దరు ధర అడిగారు. ఇద్దరు, నిజంగా మునిగిందా లేక సరదాకి రాశారా అని అడిగారు. అయిదోవాడు తాడేపల్లిగూడెం నుంచి పాత సామాన్ల వ్యాపారి. వచ్చి, బేరం మొదలెట్టకముందే డ్రైవరు సీట్లో కూర్చుని సీటుబెల్టు చివరిదాకా లాగి చూశాడు.